జవాబిచ్చిన గోడలు

భుజాలు పక్కకు తిప్పితే తప్ప మనిషి పట్టని ఆ సందులో తాను నిలబడి ఎంతసేపయిందో తేల్చుకోవడానికి ఆమెకు నాడి తప్ప వేరే గడియారం లేదు. ఎడమ మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి మొదటినుంచీ లెక్కపెడుతూనే ఉంది. నిమిషానికి డెబ్బై రెండు చొప్పున ఇప్పటికి నలభై నిమిషాలు. కాని భయపడిన గడియారం పరుగెత్తుతుంది. గుండె నిమిషానికి తొంభై ఆరుసార్లు కొట్టుకుంటున్నదనుకుంటే బయటి లోకంలో గడిచినవి ముప్ఫై నిమిషాలే, మిగిలిన పదీ భయం తనంతట తాను పుట్టించినవి, ఈ రెండు గోడల మధ్య తప్ప ఇంకెక్కడా జరగని నిమిషాలు. నాన్న ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి. మెట్ల కింద, చీకటి గూళ్ళలో, సాలెగూళ్ళ వెనక తల దూర్చడమే ఆయన బతుకు. చిన్నప్పుడు ఆమె చీకటికి జడిసి ఆయన చొక్కా పట్టుకుంటే, "భయమేస్తే కొలిచి చూడు, అమ్మడూ. కొలతకు దొరికిందా, అది దయ్యం కాదు. దొరకలేదా, అప్పుడిద్దరం కలిసి పారిపోదాం," అనేవాడు. అందుకని ఆమె కొలిచింది. వెడల్పు రెండు జానలకు నాలుగు వేళ్ళు తక్కువ. పొడవు, అడ్డంగా జరుగుతూ పోతే ఐదు అడుగులు. ఎత్తు, చెయ్యి చాపినా అందనంత. చీకటి ఒక్కటే కొలతకు లొంగలేదు. కళ్ళు తెరిచినా మూసినా అదే నలుపు, ఆ నలుపులో పొగలా సుడులు తిరిగే ఊదారంగు వలయాలు. వెలుతురు అందని కంటి నరం ఊరుకోలేక తానే అల్లుకునే బొమ్మలవి, దానికి పాఠం ఉంది, ఎనిమిదో తరగతి పిల్లలకు ఆమే చెప్పింది. ఆ బొమ్మలు మెల్లగా మన వైపు తల తిప్పుతాయని మాత్రం ఆ పాఠంలో లేదు.

వెనక గోడకు ఎప్పటిదో పాత కాగితం అంటించి ఉంది, వేళ్ళకు చివికిన గుడ్డలా తగులుతుంది. ఒకప్పుడు ఇదంతా ఎవరిదో గదిలో ఒక మూల అయి ఉండాలి. తరువాత ఇంటిని రెండిళ్ళు చేసినప్పుడు ఈ ముక్క ఎవరి వాటాలోకీ రాకుండా మధ్యలో మిగిలిపోయింది. ఆ కాగితం మీద చాకుమొనతో గీసిన అడ్డగీతలున్నాయి, ఒకదాని మీద ఒకటి, మోకాలి దగ్గర మొదలై. మొదటిసారి తడిమినప్పుడు అవి ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. రెండోసారికి అర్థమయింది, పిల్లో పిల్లవాడో గోడకు ఆనుకుని నిలబడితే నెత్తి మీద పలక పెట్టి ఎవరో గీసిన గుర్తులు. చివరి గీత ఆమె నడుము దగ్గర ఆగిపోయింది. ఆ పైన గోడంతా నున్నగా ఉంది. కాపురం మార్చుకుని వెళ్ళిపోయి ఉంటారు, కాక ఇంకేముంటుంది. ప్రతిసారీ అదే సమాధానం చెప్పుకుంటుంది, అది సరైన సమాధానమే, అయినా ప్రతిసారీ మళ్ళీ చెప్పుకోవలసి వస్తోంది.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటగానే ఫోను ఒక్కసారి మోగి ఆగింది. కింది అంతస్తులో ఉండే ఇంటావిడ చేస్తుంది అలా, కాగితాలు లేనివాళ్ళను వెతికే తనిఖీవాళ్ళు వీధి తలుపు దగ్గరికి వస్తే. మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం, గొడవ తన గడపలో జరగకూడదన్నదే ఆవిడ ధర్మం. ఆ ఒక్క మోతతో ఆమే, ఆమెతో ఉండే మనిషీ ఇద్దరూ లేచారు, ఎవరి పని వారు మొదలుపెట్టారు, మాట లేకుండా, ఒకరికొకరు అడ్డు రాకుండా. ఇప్పటికి ఏడుసార్లు సాధన చేసిన పని. రెండో కప్పు కడిగి బోర్లించడం. రెండో దిండు గలీబు ఊడదీసి, దిండును కుర్చీలో మెత్తగా సర్దడం. ఆమె చెప్పులు, దువ్వెన, కుట్టాల్సిన ఆసుపత్రి దుప్పట్ల మూట ఈ సందులోకి. దువ్వెనలో చిక్కిన వెంట్రుకల మాట మొదటి సాధనలో ఇద్దరూ మరిచిపోయారు, రెండోసారి నుంచి మరవలేదు. మంచం మీద దుప్పటి ఒక మనిషి నలిపినట్టు నలపడం అతని పని. అది అనుకున్నంత తేలిక కాదు, ఇద్దరు పడుకున్న పక్క ఒక్కరు పడుకున్న పక్కలా కనపడాలంటే అతను నిజంగా ఓసారి దాని మీద దొర్లి లేవాలి. మొత్తం నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల్లో ఆమె ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. చివరిసారి అలమారా తలుపులోంచి వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆ గది ఎంత నమ్మకంగా ఉందంటే, ఈ మూడేళ్ళూ ఇక్కడ కాపురం చేసింది ఎవరా అని ఆమెకే సందేహం వచ్చింది. అలమారా గోడకు బిగించినది. లోపల అతని చొక్కాల వెనక చెక్క పలకే తలుపు. గడియ సందు వైపు. బయట వైపు పెడతానంటే తను భయపడుతుందేమోనని అతనే లోపల పెట్టాడు. "బయట గడియ ఉంటే అది జైలు, లోపల ఉంటే ఇల్లు. అంతే తేడా," అన్నాడు స్క్రూలు బిగిస్తూ. అతని కబుర్లలో సగం ఇలాగే ఉంటాయి, సామెతో కాదో తెలియకుండా.

వాళ్ళు వచ్చారు, ఇద్దరు. ఇటుక గోడ మాటను కాస్త మందం చేస్తుంది తప్ప మింగదు. పెద్దాయన గొంతు తీరిగ్గా ఉంది, రిటైరవడానికి రోజులు లెక్కపెట్టుకునేవాడి గొంతు. రెండో ఆవిడది కొత్త ఉద్యోగం చురుకు.

"ఒక్కడివేనా ఉండేది?"

"ఒక్కణ్ణే సార్."

"వంటా గింటా?"

"నేనే. వండేదీ నేనే, బాగాలేదని అలిగేదీ నేనే."

పెద్దాయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు, ఆవిడ అడుగులు గది చుట్టూ తిరిగి వచ్చి సరిగ్గా అలమారా పక్కన ఆగాయి. "ఇక్కడ గోడ కొత్తగా ఉందే."

"తడెక్కితే పూత వేశాను మేడమ్. తాపీ మేస్త్రీ కొంపలోనే గోడ కారితే పరువు పోదూ."

"అయితే మా ఇంటికి రావయ్యా బాబూ," అన్నాడు పెద్దాయన, "మూడేళ్ళుగా మా వంటింటి గోడ ఏడుస్తోంది. మా ఆవిడ దాన్ని చూడ్డం, నన్ను చూడ్డం."

అప్పుడు ఆవిడ వేలి కణుపుతో గోడ మీద కొట్టింది. ఆమె చెంపకు ఎదురుగానే కొట్టింది, చెంప మీదే కొట్టినట్టయింది. కొట్టి, చెవి ఆనించినట్టుంది, బట్ట గోడకు రాసుకున్న చప్పుడయింది. నాడి లెక్క తడబడింది, మళ్ళీ అందుకునేసరికి అవతల నిశ్శబ్దం ఎక్కువయింది. అతను ఏదో ఒక హాస్యమాడవలసిన చోట ఏమీ అనలేదు.

"ఏమయ్యా, ఒంట్లో బాగుందా? చెమటలు పట్టాయే."

"బాగుంది."

"సైన్యంలో చేశావా? నిలబడ్డం చూస్తే అలాగే ఉంది."

"చేశాను."

"ఏ పని?"

"వినడం."

"పెళ్ళయిన ప్రతివాడూ చేసేదదేగా," అన్నాడు పెద్దాయన. తలుపు చప్పుడయింది. "రా అమ్మా, పైన ఇంకా రెండు అంతస్తులున్నాయి. గోడలు తరువాత పరీక్షిద్దువు గాని." మెట్ల మీద బూట్లు పైకి వెళ్ళాయి. ఇప్పుడు నెత్తి మీద నడుస్తున్నాయి, బల్ల ఏదో జరిపారు, ఎవరో పసివాడు ఏడ్చి ఊరుకున్నాడు. వాళ్ళు పని ముగించి కిందికి దిగి వీధిలోకి పోయాకనే అతను కొట్టాలి. మూడు, కాస్త ఆగి, ఒకటి. అది వినేదాకా ఆమె గడియ ముట్టుకోకూడదు. ఒప్పందం అది.

కాబట్టి నిలబడింది. కాలు మార్చుకోవడానికి కూడా నెత్తి మీద చప్పుడయినప్పుడే మార్చుకుంటూ నిలబడింది. నీళ్ళ గొట్టంలోంచి ఎవరింట్లోదో రేడియో సన్నగా వస్తోంది, మాటలు తెలియడం లేదు, ఎవరో దుప్పటి కప్పుకుని తనను గురించే మాట్లాడుతున్నట్టుంది. గొట్టం ఎత్తు స్వరాలను మింగి మంద్రస్వరాలను వదులుతుంది, అంతే. అంతే అనుకోవడం ఆమెకు అలవాటు. ఆ అలవాటే అతన్ని మొదట నవ్వించింది. అప్పుడు ఆమె ఆసుపత్రి బట్టలు ఉతికే సంస్థ నేలమాళిగలో చిరిగిన దుప్పట్లకు అంచులు కుట్టేది. గోడ చెమ్మ పట్టిందని మేస్త్రీని పిలిపించారు. అతను గోడకు అవతలి వైపు పని చేస్తున్నాడు, ఆమె ఇవతల మిషన్ తొక్కుతోంది, రెండు రోజులు ఒకరినొకరు చూడలేదు. మూడో రోజు గుమ్మంలో నిలబడి, "మీ కుడికాలు ఎప్పుడో విరిగింది, అతికాక వేలి మందం పొట్టిగా ఉంది," అన్నాడు. విరిగిన మాట నిజం. కాని జవాబు చెప్పకుండా ఉండలేకపోయింది. "పొట్టి కాదు, పాదం కొంచెం పక్కకు తిరిగి అతికింది. తొక్కినప్పుడు మడమ ముందు ఆనుతుంది, చప్పుడు రెండుగా వస్తుంది. మీరు సరిగ్గానే విన్నారు గాని తప్పుగా తేల్చారు." అతను నవ్వాడు. "సరే, పంతులమ్మా," అన్నాడు. ఆ పేరు అలాగే ఉండిపోయింది, ఆమె అతన్ని మేస్త్రీ అనడం అలాగే ఉండిపోయింది. మీరు నువ్వు కావడానికి ఏడాది పట్టింది. అతను తలుపుకు వీపు పెట్టి కూచోడు. టపాకాయ పేలితే బల్ల కిందికి పోడు, అందరూ చెప్పుకునే కథల్లోలా, కదలకుండా కూచుని నోరు కొద్దిగా తెరుస్తాడు. నోరు తెరిస్తే బాగా వినపడుతుందట. అందరూ మాటల కోసం ఇంట్లోకి వస్తారు, ఇతను మాటలయ్యాక మిగిలే దానికోసం వచ్చేవాడు, ఆమె పళ్ళెం కడిగే చప్పుడు, దారం తెంపే చప్పుడు. తననంత శ్రద్ధగా ఎవరూ విని ఉండలేదు. ప్రేమకు ఆమె వేరే నిర్వచనం వెతుక్కోలేదు. ఉన్న నిర్వచనాలన్నీ పరీక్షకు నిలవనివే కనుక ఇదొకటి చాలనుకుంది.

ఆమె ఈ దేశానికి ఒక ముసలావిడను చూసుకోవడానికి వచ్చింది. ఊళ్ళో బడి మూతపడ్డాక సైన్సు టీచరుకు దొరికిన పని అది. ఇక్కడ ఉండనిచ్చే కాగితంలో ముసలావిడ పేరే ఉంది, ఆవిడ దగ్గర ఉన్నంతకాలమే చెల్లుతుందని ఉంది. ఆవిడ ఒక మంగళవారం మధ్యాహ్నం కుర్చీలో కునికి ఇక లేవలేదు, ఆవిడ ఊపిరీ ఈమె కాగితమూ ఒకే పూట ఆగిపోయాయి. ఆ క్షణాన ఆమె చేసిన పని ఏమీ లేదు, అక్కడే అదే గిన్నె పట్టుకుని నిలబడి ఉంది, అయినా గిన్నె కింద పెట్టేసరికి తను నేరస్థురాలు. ఒక వస్తువు కదలకుండానే దాని స్థితి మారిపోవడం భౌతికశాస్త్రంలో ఉంది గాని మనుషుల్లో ఉంటుందని అనుకోలేదు. పెళ్ళి చేసుకుందామని అతను అన్నాడు. పెళ్ళి రాసే కార్యాలయంలో మొదట అడిగేది ఆ కాగితమే, అక్కడికి వెళ్ళడమంటే పిల్లి మెడలో గంట కట్టడానికి ఎలుక దరఖాస్తు పెట్టుకోవడమే. అతని వైపునా చిక్కు ఉంది. పాత సైనికులను చూసే డాక్టరు అతని ఫైలులో ఒక వాక్యం రాశాడు, ఈ మనిషి ఎవరితోనూ కలిసి నివసించడం క్షేమం కాదని. క్షేమం ఎవరికి అన్నది రాయలేదు. అతనే ఆ వాక్యం ఆమెకు చదివి వినిపించాడు, దాచలేదు. "ఇప్పుడైనా పోతావా?" అన్నాడు. "ఒక్క డాక్టరు మాట ప్రమాణం కాదు. రెండో అభిప్రాయం నాది," అంది ఆమె. అది హాస్యమే. కాని ఆ తరువాత వంటింటి కత్తి ఏ సొరుగులో ఉందో తనకు ఎప్పుడూ తెలిసే ఉంటున్నదని గమనించింది, గమనించి సిగ్గుపడింది, సొరుగు మాత్రం మార్చింది.

యుద్ధం గురించి అతను చెప్పింది ఒక్కసారే, ఒకానొక సాయంత్రం బియ్యం ఏరుతూ. పరాయి ఊళ్ళో మనుషులు గోడల మధ్య దాక్కునేవారు. డాక్టర్లు గుండెకు పెట్టే గొట్టం ఒకటి ఇతనికి ఇచ్చారు. గోడకు ఆనించి విని, లోపల ఎందరున్నారో వేళ్ళు చూపించేవాడు. మిగిలిన పని మిగిలినవాళ్ళది. "నేను వేళ్ళు చూపించేవాణ్ణి, అంతే," అన్నాడు. చాలాసేపు ఏరాడు. ఏరిందే మళ్ళీ ఏరాడు. "కొన్నిసార్లు ఏమీ వినపడేది కాదు. అప్పుడు గోడ మీద నెమ్మదిగా కొట్టేవాళ్ళం, పక్కింటివాళ్ళు పంచదారకి వచ్చినట్టు. లోపలివాళ్ళు, ఎవరో మనవాళ్ళే అనుకుని, తిరిగి కొట్టేవాళ్ళు. జవాబిచ్చిన గోడలే కూలాయి, పంతులమ్మా. నోరు మూసుకున్నవి ఇంకా నిలబడే ఉంటాయి." ఆమె దగ్గర రెండు మాటలున్నాయి. నువ్వు ఆజ్ఞ పాటించావు అనవచ్చు, అది సగం నిజం. నువ్వు హంతకుడివి అనవచ్చు, అదీ సగం నిజమే. రెండు సగాలు కలిపినా ఒక మనిషి రాడు. ఆ రాత్రి నుంచీ అతని నిద్రను ఆమె గమనించడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున అతని కుడిచేతి వేళ్ళు ఆమె భుజం మీద కొట్టుకునేవి, చిన్నగా, పద్ధతిగా. కండరాలు నిద్రలో వదులవుతూ ఎగిరిపడడం అందరికీ ఉన్నదే. ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో ఆమె లెక్కపెట్టింది, లెక్కపెట్టకుండా ఉండడం ఆమెకు రాదు. లెక్కపెట్టి, నిద్రపోయింది.

నెత్తి మీద బూట్లు ఇంకా తిరుగుతున్నాయి. రెండో అంతస్తు ఇంకా ముగియలేదు. అప్పుడు గోడ మీద చప్పుడయింది.

మూడు. కాస్త ఆగి, ఒకటి.

చెయ్యి దానంతటది గడియ మీదికి పోయింది. వేళ్ళకు చల్లని ఇనుము తగిలాక గాని బుద్ధి వెనక నుంచి వచ్చి అందుకోలేదు. వాళ్ళు పైనే ఉన్నారు, ఇప్పుడెందుకు కొడతాడు. బహుశా కంగారు పడ్డాడు. బహుశా పైనున్నవాళ్ళు వేరెవరో. మూడో బహుశా ఆలోచించేలోగా మళ్ళీ వినపడింది, ఈసారి అలమారా దగ్గర కాదు, గది అవతలి మూల. మూడు, ఒకటి. తరువాత ఒక అడుగు ఇవతల. మూడు, ఒకటి. గోడ పొడవునా వెతుక్కుంటూ వస్తున్నాడు, ఆమె ఎక్కడుందో తెలియనివాడిలా. ఆ వెంటనే గొంతు వినపడింది. అతనిదే, కాని అందులో అతను లేడు. కరుణతో మెత్తగా చేసిన గొంతు, జబ్బుపడినవాళ్ళతో కొత్త నర్సు మాట్లాడే గొంతు.

"లోపలున్నవాళ్ళు బయటికి రండమ్మా. ఏం భయం లేదు. మేం మీవాళ్ళమే."

ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, ఆమె లెక్క పూర్తయింది. భుజం మీద నిద్రలో కొట్టుకునే వేళ్ళు మూడు, ఒకటి. ఇటుక మీద మూడు, ఒకటి. గుర్తు ఏం పెట్టుకుందామని ఆమె అడిగినప్పుడు అతను క్షణం కూడా ఆలోచించలేదు, చేతికి వచ్చింది కొట్టి చూపించాడు. చేతికి వచ్చినదేదో అతనూ ఆలోచించలేదు, తనూ ఆలోచించలేదు, లెక్కలన్నీ తెలిసిన తను. గోడల్లో మనుషులను వెతికినవాడు తన మనిషిని గోడలో దాచి, ఆ వెతికిన చప్పుడునే భద్రతకు గుర్తుగా ఇచ్చాడు. ఏడుసార్లు సాధన చేశారు. ఏడుసార్లూ ఆ చప్పుడుకు ఆమె నవ్వుతూ బయటికి వచ్చింది.

చప్పుడు దగ్గరవుతోంది. నాలుగు అడుగుల దూరం. మూడు. ఆమె ఊపిరి బిగబట్టింది, బిగబట్టినకొద్దీ రక్తం చెవుల్లో నదిలా హోరెత్తింది, ఆ హోరు అతనికి వినపడుతుందని తెలుసు, మిషన్ చప్పుడులో విరిగిన పాదాన్ని విన్నవాడు. వేళ్ళు ఆమె చెంప ఎత్తున ఆగాయి. కొట్టలేదు. చెవి ఆనించాడు.

"ఇక్కడ," అన్నాడు చిన్నగా, తన పక్కనున్నవాళ్ళెవరికో చెప్పినట్టు.

పనిసంచీ కదిలింది. ఉలి మొన పూత మీద ఆని, సరైన చోటు కోసం కొంచెం జరిగింది. సుత్తి ఇంకా పడలేదు. పడితే పైవాళ్ళు దిగివస్తారు. ఈ మూడేళ్ళూ, అతని గదీ, ఆమె చెప్పులూ అన్నీ వెలుతురులో పడతాయి. ఆమెను ఒక బండీలోనూ అతన్ని ఇంకొక బండీలోనూ ఎక్కిస్తారు. అది ఇటుక లొంగకపోతే. లొంగితే మాట వేరు, ఇటుక తరువాత ఆమె చెంపే. అరిస్తే పైవాళ్ళు వింటారు. ఊరుకుంటే సుత్తి పడుతుంది. నోరు మూసుకున్న గోడలు నిలబడే ఉన్నాయన్నాడు గాని, విన్నాక వదిలిన గోడ ఒక్కటి ఉందని చెప్పలేదు. ఆ గోడల్లో ఉన్నవాళ్ళు ఏమని ఉంటారు. కాళ్ళు పట్టుకుంటామని ఉంటారు. పిల్లలున్నారని ఉంటారు. దేవుణ్ణి పిలిచి ఉంటారు. అవన్నీ అతను విన్నవే, ఏ ఒక్కటీ అతని చేతిని ఆపినది కాదు. ఎవరూ అనని మాట ఒకటి కావాలి. ఆమె పెదవులు గోడకు తగిలేలా వంగింది.

"ఇసుక జల్లించలేదు నువ్వు," అంది, ఇంట్లో ఎప్పుడూ అనే గొంతుతో, వీలైనంత నెమ్మదిగా. "లోపలివైపు పూతంతా గరుగ్గా ఉంది. నా భుజం గీరుకుపోయింది. ఇదేం పని, మేస్త్రీ? ఇంకొకళ్ళింట్లో ఇలా చేస్తే ఊరుకుంటారా?"

ఉలి కదలలేదు. పైన బూట్లు ఒక గదిలోంచి ఇంకొక గదిలోకి పోయాయి.

"లోపల ఎవరికి కనపడుతుందని," అన్నాడు. అది అతని గొంతే, నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టుంది. వెంటనే మళ్ళీ ఆ రెండో గొంతు పైకి వచ్చి దాన్ని కప్పేసింది. "ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

"అబద్ధం. రెండు ఊపిర్లు వినపడుతున్నాయి."

ఆమె విన్నది. వినకుండా ఉండవలసింది, కాని విన్నది. తను ఊపిరి బిగబట్టి ఉండగా ఇంకొకటి సాగుతోంది, దగ్గరగా, తడిగా, కొంచెం వేగంగా. ఏ వైపు నుంచి వస్తోందో చెప్పలేని ఇరుకు అది. ఒక్క నిమిషం, నాడి లెక్క లేని నిజమైన నిమిషం, మీటర్లు చూసే మనిషి కూతురు కాదు ఆమె. తరువాత ఒక్కొక్క మెట్టూ పట్టుకుని ఎక్కి వచ్చింది. ఒంటి ఇటుక మందం గోడ. ఇటు తన నోరు, అటు అతని చెవి, అతని నోరు. గాలి కన్నా ఇటుకలో శబ్దం బాగా నడుస్తుంది.

"రెండోది నీది, మేస్త్రీ. చెవి గోడకి పెట్టుకుని రొప్పుతున్నావు. ఒక్కసారి ఊపిరి ఆపి చూడు."

ఆపాడు. సందులోనూ గదిలోనూ ఏమీ మిగల్లేదు. పైనుంచి బూట్లు దిగడం మొదలుపెట్టాయి. వీళ్ళ తలుపు దగ్గర ఒక జత ఆగింది. పెద్దాయన ఏదో అన్నాడు, ఆవిడ ఏదో అంది, మళ్ళీ కదిలాయి. కింది తలుపు మూసుకుంది. వీధిలో బండి బయలుదేరి పోయింది. అంతసేపూ గోడకు అటూ ఇటూ ఇద్దరూ ఊపిరి తీయలేదు.

"పంతులమ్మా," అన్నాడు.

"ఉన్నాను."

"వాళ్ళు పోయారు."

"విన్నాను. ఎడమ చేతిలో ఏముంది?"

"ఏమీ లేదు."

"సుత్తి?"

"పడేశాను. మంచం మీద పడేశాను, చప్పుడవకుండా."

"కుడి చేతిలో?"

ఆమె గట్టిగా అడగలేదు. జవాబు తెలిసీ చెప్పలేని పిల్లవాడికి ఇవ్వవలసినంత సమయం ఇచ్చింది.

"ఉలి," అన్నాడు. "పెట్టేద్దామంటే వేళ్ళు రావడం లేదు. అవి నా మాట వినడం లేదు. నువ్వు ఇప్పుడే రాకు. సాయంత్రం దాకా ఆగు. లేకపోతే రేపు."

రేపు వేళ్ళు తెరుచుకుంటాయనడానికి ఆధారం ఏమిటి. ఇప్పుడు బయటికి వెళితే అతను తననే చూస్తాడనడానికి ఆధారం ఏమిటి. డాక్టరు రాసిన వాక్యం ఒక వైపు. రెండో వైపు, చప్పుడవకుండా మంచం మీద పడేసిన సుత్తి. అది ఎవరు పడేశారు, రెండు గొంతుల్లో ఏ గొంతువాడు? ఒక్క పరిశీలన ప్రమాణం కాదని వందలమంది పిల్లలకు చెప్పిందామె. చాలినన్ని రుజువులు లేవు, సాయంత్రం దాకా నిలబడ్డా ఈ చీకట్లో కొత్తవేమీ దొరకవు. ఆమె గడియ తీసింది.

అతని చొక్కాల మధ్య నుంచి, సున్నం వాసన మధ్య నుంచి గదిలోకి అడుగుపెట్టేసరికి వెలుతురు కళ్ళలో ఇసుకలా పడింది. మధ్యాహ్నం ఎండ నేల మీద అలాగే ఉంది. అతను గోడకు ముఖం ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆమె రావడం అతనికి వినపడలేదు. ఆమె అడుగు వినపడకపోవడం ఈ మూడేళ్ళలో ఇదే మొదటిసారి. వెనక నుంచి కాక, పక్కగా, అతనికి కనపడేలా వచ్చి, ఉలిని బిగించిన పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. రాయిలా ఉంది, రాయి కన్నా చల్లగా ఉంది. కండరం అలసిపోతే బిగుసుకుపోతుంది, బలం చేయకూడదు, చివరి వేలితో మొదలుపెట్టాలి. చిటికెన వేలు వచ్చింది. దాని పక్క వేలూ వచ్చింది.

"నేను ఇక్కడున్నాను," అంది. "చూడు. నేను బయటే ఉన్నాను."

అతను కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. గుర్తుపట్టాడు కూడా, గుర్తుపట్టిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చెవి మాత్రం గోడ మీంచి తీయలేదు.

"ఉష్," అన్నాడు. "లోపల ఇంకా ఒకరున్నారు."

అదెందుకు కాదో ఆమెకు తెలుసు. నీళ్ళ గొట్టం ఉంది, పక్కింటి రేడియో ఉంది, అన్ని గోడలు విన్న చెవి వెంటనే ఖాళీని నమ్మదు. చెప్పడానికి నోరు తెరిచింది. నడిమి వేలు విప్పుతూనే, ఏమీ చెప్పకుండా, నోరు అలాగే కొద్దిగా తెరిచి ఉంచి, ఆమె కూడా వింది.